గాల్లో ఆగిన బంతి

బంతి గాల్లో ఉండగా తెర బిగుసుకుపోయింది.

ఫైనల్లో ఆఖరి ఓవరు, ఆఖరి బంతి. ఒక్క సిక్సర్ పడితే కప్పు చేతికొస్తుంది. బ్యాట్స్‌మన్ ముందుకు దూకి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి లేచింది, ఇంకా లేచింది. గీత దగ్గర ఫీల్డరొకడు తలెత్తి దాని కిందికి పరుగెడుతున్నాడు. హాల్లో భర్త సోఫా అంచుకి జరిగాడు. మరిది నోటిదాకా వెళ్లిన పల్లీల గుప్పిట అక్కడే ఆపేశాడు. సరిగ్గా అప్పుడే బంతి ఆగింది, ఫీల్డరు ఆగాడు, వెనకాల అంతమంది జనం తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉండిపోయారు. వాళ్లందరి మీదా అడ్డంగా నల్లటి పట్టీ ఒకటి పడింది. 'డిస్క్‌లో చోటు లేదు. రికార్డింగ్ ఆగిపోయింది.'

"ఒరేయ్! ఏంట్రా ఇది?" అని భర్త కేకపెట్టాడు. ఎవర్నన్నాడో ఆయనకే తెలీదు.

వంటింట్లో టీ వడగడుతున్న ఆమె చెయ్యి ఆగింది. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆయన చూసే ప్రతి మ్యాచ్‌నీ ఆమె ఈ గోడకి ఇవతల నుంచి వింటూనే ఉంది. కేకని బట్టి ఫోరో సిక్సరో చెప్పగలదు. "ఛ" అన్నది ఎంతసేపు సాగిందో దాన్ని బట్టి పోయింది పరుగా వికెట్టా చెప్పగలదు. అరుపు రావాల్సిన చోట నిశ్శబ్దం వచ్చిందంటే ఏం జరిగిందో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. గ్లాసుల్లో టీ సమంగా పోసింది. పళ్లెం ఎత్తుకుంది.

నిజానికి ఆ మ్యాచ్ మధ్యాహ్నానికే అయిపోయింది. పొద్దున ఆయన గోదాములో సరుకు తనిఖీ పడింది, సెలవు దొరకలేదు. అందుకని రాత్రే సెట్‌టాప్ బాక్స్‌లో రికార్డింగ్ పెట్టి, ఇంటిల్లిపాదికీ మౌనవ్రతం పెట్టాడు. సాయంత్రం తను వచ్చి చూసేదాకా స్కోరు ఎవరి నోటా రాకూడదు. మావగారి రేడియో బీరువాలో పెట్టి తాళం వేశాడు. పక్కింటివాళ్లకి చెప్పొచ్చాడు. వీధి తలుపుకి కాగితం కూడా అంటించాడు, 'స్కోరు తెలిసినవారు లోపలికి రావద్దు' అని. గోదాము నుంచి ఇంటికి చెవుల్లో దూది కుక్కుకుని వచ్చాడట. ఈ ఇంట్లో పోయినసారి ఎవరో మాట జారినందుకు మూడు పూటలు అన్నం మానేశాడు. ఆ ఎవరో ఆమే. "ఎందుకండీ అంత బాధపడతారు, ఇంకా రెండో మ్యాచ్ ఉందిగా" అంది, అంతే. ఓడిపోయారని దాన్ని బట్టి తెలిసిపోయిందట.

ఇవాళ ఈ సరంజామా అంతా ఆట కోసమే కాదు, ఒక పందెం కోసం. నెల నుంచీ అన్నదమ్ములిద్దరికీ ఒకటే వాదన.

"ఈ రోజుల్లో ఇంటి మీద డిష్ ఎవడు పెట్టుకుంటున్నాడన్నయ్యా? శుద్ధ దండగ. వాన చుక్క పడితే బొమ్మ పోతుంది, కాకి వాలితే బొమ్మ పోతుంది. ఫోన్లో అన్నీ వస్తున్నాయి" అంటాడు మరిది.

"ఫోన్లో చూసేదీ ఒక ఆటేనట్రా? పంచదార మీద చీమలు పాకుతున్నట్టుంటుంది. ఆటల పిచ్చి ఉన్నవాడికి డిష్ ఉండాల్సిందే. ఎక్కడా రాని ఆటలు అందులో వస్తాయి. టైముకి ఇంట్లో లేకపోయినా దాచిపెడుతుంది. పిచ్చి లేనివాడికి దండగే మరి" అంటాడు ఆయన.

రేపటితో డిష్ ఏడాది ఒప్పందం అయిపోతుంది. పొడిగించాలా, మానేయాలా? ఫైనల్ చూసి తేల్చేద్దామన్నారు. సాఫీగా నడిస్తే మరిది కూడా డిష్ పెట్టించుకోవాలి, మధ్యలో చతికిలబడితే అన్నగారు పీకించెయ్యాలి. అందుకే మరిది, తోటికోడలు నిన్ననే దిగారు. ఎవరి పట్టు వాళ్లది. ఆ డిష్ చందా ప్రతి నెలా ఎవరి జీతంలోంచి కోసుకుపోతోందో మాత్రం మాటల మధ్య ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా "అదేముంది, ఇల్లు ఒకటేగా" అంటారు.

ఆమె టీ పళ్లెంతో హాల్లోకి వచ్చేసరికి మరిది సోఫాలో దొర్లి దొర్లి నవ్వుతున్నాడు.

"చెప్పానా అన్నయ్యా! చెప్పానా! ఆఖరి బంతి ఆకాశంలో పెట్టి ఆగిపోయింది. ఏం దాచిపెట్టిందిరా బాబూ నీ డిష్షు!"

"నోర్ముయ్. డిష్ తప్పు కాదిది. డిస్క్ నిండిపోయిందని చెప్తోందిగా. ఎలా నిండుతుంది? నేను ఈ నెలలో ఒక్కటే రికార్డింగ్ పెట్టాను. దీన్ని ఎవరో నింపారు."

ఆ 'ఎవరో' అన్న మాటతో హాలు స్వరూపమే మారిపోయింది. అప్పటిదాకా అది చెడిపోయిన వస్తువు. ఇప్పుడు నేరం. భర్త రిమోట్ అందుకుని, ఎస్సై రిజిస్టరు తిరగేసినట్టు, బాక్స్‌లో ఉన్న రికార్డింగుల జాబితా తెర మీదికి తెచ్చాడు. పైన ఆయన ఫైనల్. దాని కింద 'మహిళల వాలీబాల్ లీగ్'. దాని కింద 'మహిళల వాలీబాల్ లీగ్'. కిందికి నొక్కాడు. మహిళల వాలీబాల్. ఇంకా కిందికి. మహిళల వాలీబాల్. తెర కిందికి పోతూనే ఉంది, అడుగు తగలదు.

ముందు తోటికోడలు కిసుక్కున నవ్వింది. తర్వాత మరిది.

"అన్నయ్యా, నీకు ఈ సరదా కూడా ఉందని చెప్పలేదేం?"

"ఛీ. నాకెందుకురా ఈ ఆడంగి ఆటలు?"

ఆమె టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. చేతిలో పళ్లెం వణకలేదు. పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా జనం చేతుల్లో నరాలు వెతికి సూది గుచ్చే చెయ్యి అది, అంత తేలిగ్గా వణకదు. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. పరగడుపున వచ్చేవాళ్ల కోసం తెల్లారకుండానే తెరుస్తారు, అందుకని ఆమె డ్యూటీ మధ్యాహ్నానికి అయిపోతుంది. అక్కడ అందరూ ఆమెని సూదమ్మ అంటారు. పై అరలో సామాను దించాలంటే సూదమ్మ, ఫ్యాను రెక్కలకి బూజు పట్టిందంటే సూదమ్మ, పెద్ద డాక్టరు చుట్టాలొస్తే టీలు తేవడానికి సూదమ్మ. మొన్న ల్యాబు వాళ్ల ఆటల పోటీల్లో మగవాళ్లకి వాలీబాల్, ఆడవాళ్లకి కుర్చీలాట పెట్టారు. వాలీబాల్‌కి ఒక మనిషి తక్కువయ్యాడు. ఆమె గీత పక్కనే నిలబడి ఉంది. మేనేజరు అటూ ఇటూ చూసి చూసి, చివరికి కళ్లు ఆమె మీద నిలిపి, "మేడం, ఖాళీగానే ఉన్నారుగా, కాస్త స్కోరు రాస్తారా?" అన్నాడు. రాసింది. బంతిని రెండు చేతుల్తో తాంబేలుని పట్టుకున్నట్టు పట్టుకునే మగవాళ్ల స్కోరు, తప్పు లేకుండా రాసింది.

పెళ్లికి ముందు ఆమె జిల్లా వాలీబాల్ జట్టులో స్మాషర్, ఎగిరి బంతిని బాదే మనిషి. నెట్ దగ్గర ఆమెకి బంతి ఎత్తి ఇచ్చే లిఫ్టర్ బక్కపల్చటి పిల్ల, నోరు మాత్రం పెద్దది. ఆమె పొడుగు చూసి 'కొంగ' అని పేరు పెట్టింది ఆ పిల్లే. బంతి వేళ్ల కొసల నుంచి వదిలి, "కొంగా, లే!" అని అరిచేది. ఆ కేకకి ఆమె నేల వదిలేది. పైన, నెట్‌కి పైన, ఒక్క క్షణం ఎవరూ ఉండరు. బంతీ తనూ. ఆ ఒక్క క్షణం కోసం ఆమె ఏళ్ల తరబడి మోకాళ్లు చెక్కించుకుంది. సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడు ఆమె నాన్న మురిసిపోతూ పతకాలు బయట పెడితే, మావగారు వాటిని ఎండిన కూరగాయల్లా అటూ ఇటూ తిప్పి చూసి, "ఎగిరే కాళ్లు ఇంట్లో నిలుస్తాయా బావగారూ?" అన్నారు. అత్తగారు ఓదార్పుగా, "పొడుగే కాస్త ఎక్కువ. ఏముంది, కొంచెం వంగి నడిస్తే సరిపోతుంది" అన్నారు. ఆవిడ పోయి చాలా కాలమైంది, వంపు మాత్రం పోలేదు. పెళ్లి ఫోటోలో ఆమె కూర్చుని ఉంటుంది, ఆయన పక్కన నిలబడి ఉంటాడు. ఇద్దరూ నిలబడ్డ ఫోటో ఈ ఇంట్లో ఒక్కటీ లేదు. అటక మీద డబ్బాలు ఆమే దించుతుంది, దీపాలు ఆమే మారుస్తుంది. "మా ఇంట్లో నిచ్చెన కొనలేదండోయ్, కట్టుకున్నాను" అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తాడు.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, డ్యూటీ నుంచి వచ్చి చిక్కుడుకాయలు ఒలుస్తూ ఛానెళ్లు తిప్పుతోంటే ఎక్కడో అడుగున, ఎవరూ వెళ్లని నంబరులో, ఆ లీగ్ కనపడింది. గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ కోచ్ వైపు కెమెరా తిరిగింది. జుట్టు నెరిసింది, ఒళ్లు వచ్చింది, నోరు మాత్రం అదే. లిఫ్టరే. ఆమె ఒళ్లో చిక్కుడుకాయలు నేల మీద పడ్డాయి. ఆ రోజు నుంచీ మధ్యాహ్నాలు ఆమెవి అయ్యాయి. మావగారు పక్క గదిలో నిద్రపోతుంటారు గనక శబ్దం పూర్తిగా తీసేసి చూసేది. ఆలోచిస్తే నవ్వొచ్చేది ఆమెకి. ఆయన మ్యాచ్‌లకి తనకి చప్పుడే గానీ బొమ్మ ఉండదు. తన మ్యాచ్‌లకి బొమ్మే గానీ చప్పుడుండదు. రెండూ కలిపి చూసిన ఆట ఈ ఇంట్లో ఆమెకి ఒక్కటీ లేదు. రెండేళ్లుగా లిఫ్టర్ నోరు తెరిచి అరుస్తూనే ఉంది, ఏమని అరుస్తోందో వినలేదు.

మొదట్లో రికార్డ్ చేసుకున్నవి చూసిన వెంటనే డిలీట్ చేసేసేది, దొంగ వేలిముద్రలు తుడుచుకున్నట్టు. ఈ ఏడాది చేతకాలేదు. లిఫ్టర్ జట్టు గెలుస్తూ గెలుస్తూ ఫైనల్ దాకా వచ్చింది. ఆ ఫైనల్ నిన్న మధ్యాహ్నం అయింది. అదే వేళకి మరిదీ తోటికోడలూ సంచులతో దిగారు. రికార్డింగ్ నొక్కి వంటింట్లోకి పోయింది. ఆమె ఇంకా చూడలేదు. ఎవరు గెలిచారో తెలీదు. చెవుల్లో దూది పెట్టుకోలేదు, తలుపుకి కాగితం అంటించలేదు. ఆ అవసరమే లేదు. ఆ స్కోరు పొరపాటున నోరు జారే మనిషి కూడా ఆమె చుట్టూ ఒక్కడు లేడు.

"ఎవరై ఉంటారు?" భర్త లేచి హాల్లో తిరుగుతున్నాడు. "బాక్స్ తనంతట తాను రికార్డ్ చెయ్యదు. డిష్ బిగించిన కుర్రాడు ఏమైనా కెలికి పోయాడా?"

"వాడొచ్చి రెండేళ్లయింది బావగారూ. ఇవన్నీ ఈ నెలవి" అంది తోటికోడలు. ఆవిడకి హుషారుగా ఉంది.

"గిన్నెలు తోమే మనిషి?"

"దానికి రిమోట్ ఏదో ఇస్త్రీపెట్టె ఏదో తెలీదు" అని తనే కొట్టిపారేశాడు.

"ఊరెళ్తే తాళాలు పక్కింట్లో ఇచ్చి వెళ్తాం కదా, వాళ్ల పెద్దోడు..."

"అన్నయ్యా, టైము చూడు" అన్నాడు మరిది. వాడికి బుర్ర ఉంది. "అన్నీ మధ్యాహ్నం పూటే. మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు?"

ఆమె ఖాళీ పళ్లెం పట్టుకుని వాళ్ల మధ్యే నిలబడి ఉంది. డిష్ బిగించినవాడి మీద అనుమానం వచ్చింది, గిన్నెలు తోమే మనిషి మీద వచ్చింది, పక్కింటి పిల్లాడి మీద కూడా వచ్చింది. గాలీ వానా కాకీ కూడా ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇంట్లో దోషులయ్యాయి. ఆమె మీదుగా చూపులు గోడ మీదుగా పోయినట్టు పోతున్నాయి. దొంగతనం అంటగట్టాలన్నా మనిషికి ఏదో ఒకటి కావాలని ఉండాలి కదా. ఆమెకి కావలసింది ఏదైనా ఉండొచ్చన్న ఊహే వాళ్లకి రాలేదు. ఇన్నేళ్ల కాపురంలో పడ్డ మాటలన్నీ ఒక ఎత్తు, ఈ అనుమానించకపోవడం ఒక ఎత్తు. ఇది ఎక్కడో లోపల తగిలింది.

మరిది చూపు మెల్లిగా తిరిగి మూల కుర్చీ దగ్గర ఆగింది. అక్కడ మావగారు మోకాళ్ల మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"నాన్నా?" అన్నాడు మరిది.

"నాకా బొత్తాల గోల తెలిస్తే రేడియో ఎందుకు వింటానురా?"

"మధ్యాహ్నం ఇంట్లో ఉండేది మీరే కదా మావయ్యగారూ?" అంది తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నిక్కర్లేసుకుని ఆడపిల్లలు ఎగురుతుంటే కాలక్షేపం బాగానే ఉంటుందిలే" అన్నాడు మరిది. "అమ్మ ఉండుంటే అయ్యేది పెళ్లి."

ఇద్దరూ పగలబడి నవ్వారు. భర్త నవ్వలేదు గానీ ఆపలేదు కూడా. పెద్దాయన మొహం ముందు ఎర్రబడింది, తర్వాత రంగు మొత్తం దిగిపోయింది. వేడినీళ్ల సంచి మోకాలి మీంచి జారి నేల మీద పడింది. వంగి తీసుకోబోయి, చెయ్యందక, అలాగే కూర్చుండిపోయారు. అప్పుడు ఆయన తలెత్తి సూటిగా కోడలి వైపు చూశారు.

ఆయనకి తెలుసు.

ఒకసారి ఒక మధ్యాహ్నం ఆయన మంచినీళ్ల కోసం లేచి వచ్చారు. తెర మీద స్మాషర్ లేస్తోంది. హాల్లో కోడలు కూడా లేచింది, చేతిలో గరిటెతో, నేల వదిలి. కిందికి దిగి వెనక్కి తిరిగేసరికి మావగారు గుమ్మంలో ఉన్నారు. "ఫ్యాను తగుల్తుంది, చెయ్యి జాగ్రత్తమ్మాయ్" అని, నీళ్లు తాగి, గదిలోకి వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఒక్క మాట అంటే ఆయన బయటపడతారు. 'నేను కాదు, మీ వదిన' అంటే చాలు. అనడం లేదు. కోడలి మీద జాలితోనా? అంత మంచితనం ఆయన దగ్గర ఆమె ఎప్పుడూ చూడలేదు. నా ఇంట్లో కోడలు గరిటె పట్టుకుని ఎగిరిందని చెప్పుకోవడం కన్నా ముసలితనంలో తనే వెధవననిపించుకోవడం పరువుగా తోచి ఉంటుంది.

"ఇదిగో" అన్నాడు భర్త. ఆమెని పిలిచే పిలుపు అదే. "నువ్వు మధ్యాహ్నం వచ్చేసరికి నాన్న టీవీ ముందు ఉంటాడా?"

సాక్షిగా మాత్రం పిలుపు వచ్చింది.

ఒక్క "ఊ" చాలు. ఆ ఊ ఎంత తియ్యగా ఉంటుందో ఆమెకి నాలుక మీద తెలుస్తోంది. ఎగిరే కాళ్లని వెక్కిరించిన మనిషి, ఎగిరే కాళ్లని చూశాడన్న నిందతో మిగిలిన రోజులు తల దించుకుని బతుకుతాడు. కొడుకులు ఇల్లంతా చెప్పుకుని నవ్వుతారు. తన మధ్యాహ్నాల జోలికి ఎవరూ రారు. ఆమె కింద పడ్డ వేడినీళ్ల సంచి తీసి మావగారి మోకాలి మీద పెట్టింది. ఆయన చేతివేళ్లు ఆమె చేతికి తగిలాయి, చల్లగా.

"సరే, చెప్పలేకపోతున్నావులే. అర్థమైంది" అన్నాడు భర్త. "తమ్ముడూ, నువ్వే గెలిచావురా. రేపు మెకానిక్‌ని పిలిచి డిష్షూ బాక్సూ రెండూ పీకించేస్తా. ఇకనుంచి ఫోన్లోనే చూసుకుంటా, చీమలైతే చీమలు. ముందు ఈ చెత్తంతా తుడిచెయ్యాలి. ఇంట్లో ఇలాంటివి ఉండటమే అప్రదిష్ట."

ఆయన ఏదో నొక్కాడు. తెర మీద ప్రశ్న వచ్చింది. 'అన్నీ డిలీట్ చేయాలా?'

ఆ బొత్తాం మీద వేలు పెట్టి నిలబడటం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఇవాళే నిలబడింది. పొద్దున ల్యాబులో రక్తం ఇవ్వడానికొచ్చిన వాళ్లంతా గోడ మీది టీవీకేసే చూస్తున్నారు. మధ్యలో వాన వచ్చి ఆట ఆగింది. ఆగిన ఆట ఆలస్యంగా ముగుస్తుంది, ఆలస్యమైతే రికార్డింగ్ పొడుగవుతుంది, పొడుగైతే డిస్క్ చాలదు. సిరంజికి మూత పెడుతూనే లెక్క కట్టేసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే టీవీ పెట్టింది. అనుకున్నట్టే ఉంది: 'చోటు అయిపోతోంది. పాతవి కొన్ని తీసేయండి.' ఆయనకి ఫోన్ చేస్తే కట్టేసి ఉంది. ఒక్క రికార్డింగ్ తీసేస్తే చాలు, ఆయన ఫైనల్ నిక్షేపంగా పడుతుంది. చూసేసినవాటిలో ఒకటి తియ్యొచ్చు. తీద్దామనే వేలు పెట్టింది. ఏది తియ్యాలి? లిఫ్టర్ కంటతడి పెట్టుకున్న మ్యాచ్ తియ్యాలా, ఆ జట్టులో ఒక పిల్ల మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చి గెలిపించింది తియ్యాలా? ఎప్పుడూ ఏదో ఒకటి తీసెయ్యాల్సింది తనేనా? పుట్టింటి నుంచి తెచ్చుకున్న పతకాల డబ్బా అత్తగారి మందుల కోసం ఖాళీ చేసింది. ఆటకి వెళ్లే ఆదివారాలు ఆయన స్నేహితుల భోజనాలకి ఖాళీ చేసింది. ఈ ఇంట్లో చోటు చాలకపోయినప్పుడల్లా ఖాళీ అయ్యేది తన సామానే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయనదే మధ్యలో ఆగిపోతే ఏం?

బొత్తాం మీంచి వేలు తీసేసింది. టీవీ కట్టేసి, పాలకొట్టుకి వెళ్లింది.

కాబట్టి అది పొరపాటు కాదు. మతిమరుపు కాదు. ఆమె కావాలనే చేసింది. ఇందాకట్నుంచీ ఆమెని తొలుస్తున్నది భయం కాదు. తను చేసిన ఒకే ఒక్క పని ఇంకొకరి ఖాతాలో పడిపోతోందన్న ఉక్రోషం.

భర్త బొటనవేలు కదిలింది.

ఆమెకి చెవిలో స్పష్టంగా వినిపించింది, ఏళ్ల కిందటి గొంతు, శబ్దంతో సహా. కొంగా, లే!

ఆమె చెయ్యి చాపి ఆయన చేతిలోంచి రిమోట్ పైకి తీసేసుకుంది. లాక్కున్నట్టు లేదు, చెట్టు మీంచి కాయ కోసినట్టుంది. తీసుకున్న చెయ్యి దించలేదు. భుజం నిఠారుగా, మోచెయ్యి నిఠారుగా, ఫ్యాను రెక్కలకి బెత్తెడు కింద ఆగింది. ఇన్నేళ్లుగా వంచిన వెన్ను ఒక్కసారిగా విప్పుకుంటే ఎముకలు చిటపటమన్నాయి. తోటికోడలు నవ్వు మధ్యలో ఆపేసింది.

"ఏంటిది? ఇవ్వు" అన్నాడు భర్త. చెయ్యి ఎత్తాడు. అందలేదు. మునివేళ్ల మీద లేచాడు. ఇంకా జానెడు ఉంది. అందాలంటే ఎగరాలి. తమ్ముడి ముందు, మరదలి ముందు ఎగరలేక, మునివేళ్ల మీద నుంచి దిగిపోయాడు.

"వదినా, ఏంటి ఆటలా?" అన్నాడు మరిది.

"ఆటే" అందామె. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఆ క్యాచ్ పట్టేశాడండీ. మీవాళ్లు ఓడిపోయారు. పాలకొట్టు దగ్గర అందరూ తలకాయలు వేలాడేసుకుని ఉన్నారు."

ఆయన మొహంలో ఏడుపూ కోపమూ ఏది ముందు రావాలో తేల్చుకోలేక తన్నుకుంటున్నాయి.

"నీకు... మధ్యాహ్నమే తెలుసా? తెలిసి ఇంతసేపూ టీలు ఇస్తూ తిరుగుతున్నావా?"

"డిస్క్ నిండిపోతోందని కూడా తెలుసు. మావగారు రిమోట్ ముట్టుకోలేదు. ఆయన్ని ఒక్క మాట అనకండి."

మూల కుర్చీలో మావగారు కళ్లు మూసుకున్నారు.

"నాన్న కాదు. నేను కాదు. పనిమనిషి కాదు" భర్త గొంతు కీచుమంది. "మరి ఎవరే ఈ ఇంట్లో ఆడవాళ్ల ఆటలు చూసేది? ఎవరికుంది ఇక్కడ అంత పిచ్చి?"

"ఆటల పిచ్చి ఉన్నవాళ్లకి డిష్ ఉండాల్సిందేనని మీరే అన్నారు కదండీ. ఉండాలి. రేపు ఎవరూ ఏదీ పీకరు. చందా నా జీతంలోంచే పోతోంది, అలాగే పోనివ్వండి. నా ఫైనల్ నేనింకా చూడలేదు. ఇప్పుడు చూస్తాను, శబ్దం పెట్టుకుని."

"అడిగింది చెప్పు. ఎవరు?"

ఈసారి ఆ ప్రశ్న గోడకేసి అడగలేదు. ఆమె మొహంలోకి, తల వెనక్కి వంచి, కింది నుంచి పైకి చూస్తూ అడిగాడు.

"నేను" అంది ఆమె, చెయ్యి దించకుండా.